జింక వేటకు బుల్లెట్ ఎలా ఎంచుకోవాలి: ప్రసంగ పాఠం

పెన్సిల్వేనియాలో మనవాళ్ల వారాంతపు కూడికలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ బల్ల మీద పెట్టినవి మీ కంటికి ఆనాలి.

పోయిన నెల మన తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు అయిపోయింది, లైసెన్సు వచ్చింది, .308 సైజు తూటా వేసే రైఫిల్ కొన్నా. తూటాల కోసం షాపుకెళ్తే గోడ నిండా డబ్బాలే. ఏది తీసుకోను?" అన్నాడు. రైఫిల్ కొనడానికి ఎన్నాళ్లు పట్టింది నాయనా అని అడిగా. ఆరు నెలలు చదివా అన్నాడు. గురి చూసే స్కోపుకి? ఇంకో రెండు నెలలు. మరి బుల్లెట్ గురించి? దాని గురించి ఏమీ చదవలేదు. ఆ ఒక్క ఫోన్ వల్లే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

చూడండి, రైఫిల్ మన చేతిలోనే ఉంటుంది. స్కోపు మన కంటి దగ్గరే ఉంటుంది. ఇన్ని వేల డాలర్లు పెట్టి కొన్న సామానంతటిలో జింక దాకా వెళ్లేది ఏమిటి? వేలెడంత లేని ఒక లోహపు ముక్క. అదొక్కటే. జింక క్షణంలో పోతుందా, రాత్రంతా చలిలో నెత్తురోడుతూ పడుంటుందా అన్నది ఆ ముక్క మీదే ఉంది. అందుకే ముందు బుల్లెట్ ఎంచుకోండి, మిగతావన్నీ దాని వెనక రానివ్వండి.

అసలు సంగతిలోకి పోయే ముందు రెండు మాటలు చెప్పాలి. ఇక్కడున్న పిల్లలు వింటున్నారు కాబట్టి మొదటిది. నేను మాట్లాడేది అమెరికాలో, లైసెన్సుతో, సీజనులో చేసే వేట గురించి మాత్రమే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను వేటాడటం నేరం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక. అక్కడ వాటిని కాపాడుకోవాలి. ఇక్కడి కథ వేరు. 1890ల నాటికి పెన్సిల్వేనియాలో జింక దాదాపు కనుమరుగైపోయింది. 1895లో వేట వ్యవహారాలు చూసే గేమ్ కమిషన్ పెట్టి, 1906 నుంచి బయటి రాష్ట్రాల జింకల్ని తెచ్చి వదిలి, కట్టుదిట్టాలు పెట్టి పెంచుకున్నారు. ఇప్పుడు రోడ్ల మీద కార్లకు అడ్డం పడేన్ని ఉన్నాయి. ఆ లెక్క చూసే ఏటా పర్మిట్లు ఇస్తారు.

రెండోది మనవాళ్లలో చాలామందికి తెలియనిది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది. ఆ చట్టం లెక్కలో తూటా అంటే నిండు తూటా ఒక్కటే అనుకోకండి. ఖాళీ కేసు, ప్రైమర్, పౌడర్, బుల్లెట్, ఇవన్నీ విడివిడిగా కూడా తూటా కిందికే వస్తాయి. అంటే లైసెన్సు లేకుండా ఫ్రెండు దగ్గర నుంచి ఒక డబ్బా బుల్లెట్లు తెచ్చి ఇంట్లో పెట్టుకున్నా ఇబ్బందే. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఈ విషయంలో లాయరును అడగకుండా అడుగు వేయొద్దు. మీ కాగితాలన్నీ దీని మీద ఆధారపడి ఉంటాయి.

సరే, ఇక బల్ల మీదికి రండి. మనం మాటల్లో తూటా అన్నా బుల్లెట్ అన్నా ఒకటే అనుకుంటాం. కాదు. తూటా అంటే ఇదిగో, మొత్తం. దీంట్లో నాలుగు భాగాలు. ఈ ఇత్తడి గొట్టం కేసు. అడుగున ఈ గుండ్రటి చుక్క ప్రైమర్. దీపావళికి పిల్లలు సుత్తితో కొట్టి పేల్చే కేపులు గుర్తున్నాయా? పని అదే, తయారీ చాలా గట్టిది. లోపల మందు, అంటే పౌడర్. మూతిలో బిగించి ఉన్న ఈ ముక్క బుల్లెట్. ఎగిరేది ఇదొక్కటే.

బుల్లెట్ బరువు ఇక్కడ గ్రెయిన్లలో చెబుతారు. 7000 గ్రెయిన్లు ఒక పౌను. మనకు ఈ లెక్క కొత్త కాదు. బ్రిటిష్ వాళ్లు మన తులాన్ని 180 గ్రెయిన్లకు స్థిరపరిచారు, అంటే 11.66 గ్రాములు. కాబట్టి డబ్బా మీద 180 గ్రెయిన్లు అని ఉంటే, మీ అమ్మమ్మ గొలుసులోని పాత తులం ఎంతో ఆ బుల్లెట్ అంత. ఇప్పుడు మన బంగారం కొట్లలో తులం అంటే పది గ్రాములే కదా, అది 150 గ్రెయిన్ల బుల్లెట్‌కి ఇంచుమించు సరిపోతుంది. నా .308కి నేను వాడేది ఆ బరువే. ఒక తులం లోహం సెకనుకు 2800 అడుగుల వేగంతో బ్యారెల్ దాటుతుంది. అదీ దాని బలం.

ఇప్పుడు నా మొదటి సీజను గురించి చెబుతాను. చెప్పడానికి ఇష్టం లేదు, అయినా చెబుతాను.

నాది అనంతపురం వైపు ఒక పల్లె. వేరుశెనగ చేలో అడవిపందులు పడతాయని మా నాయన రాత్రిళ్లు మంచె మీద కూర్చుని డబ్బా వాయించేవాడు. ఇక్కడ చెట్టుకు కట్టుకుని కూర్చునే ట్రీ స్టాండు చూడగానే నాకు ఆ మంచే గుర్తొచ్చింది. మా పక్కింటి పెద్దాయన నన్ను వేటకు తీసుకెళ్లాడు. లేత్ మెషిన్ మీద బతుకంతా పని చేసి రిటైరైన మనిషి. తూటాలు సొంతంగా చేసుకునేవాడు. నేనూ ఆయన దగ్గర నేర్చుకున్నా. నేర్చుకున్నానని అనుకున్నా.

ఆ వేసవిలో నేను షూటింగ్ రేంజికి వెళ్లి రకరకాల బుల్లెట్లు పరీక్షించా. ఒక టార్గెట్ బుల్లెట్ వంద గజాల దగ్గర మూడు రంధ్రాలూ ఒకదానిలో ఒకటి దూరినట్టు పడింది. రూపాయి బిళ్లతో కప్పేయొచ్చు. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నా. పెద్దాయన్ని అడగలేదు. అది కాగితం మీద కొట్టడానికి చేసిన బుల్లెట్ అని, వేటకు సిఫారసు చేయమని చేసినవాళ్లే చెబుతున్నా నేను పట్టించుకోలేదు.

సీజను మొదటి రోజు పొద్దున ఏడున్నరకు లారెల్ పొదల్లోంచి ఒక మగ జింక వచ్చింది. ముప్పై అయిదు గజాలు. ఎంత దగ్గరో చూడండి, ఈ హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అంత. కొంచెం ముందుకు కొట్టా, భుజం మీద తగిలింది. జింక మోకాళ్ల మీద పడి, లేచి పరిగెత్తింది. మంచు మీద నెత్తురు మొదట్లో చెయ్యంత మరక, తర్వాత వేలంత, తర్వాత బొట్లు. సాయంత్రం దాకా వెతికాం. చీకటి పడింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాడు పొద్దున పెద్దాయనే వాగు పక్కన దాన్ని కనుక్కున్నాడు. అప్పటికి ఇంకా వెచ్చగానే ఉంది. అంటే తెల్లవారుజాము దాకా బతికే ఉందన్నమాట.

భుజం కోసి చూశాం. చర్మం కింద బొంబాయి రవ్వ చల్లినట్టు సీసం, మధ్యలో చిత్తుకాగితంలా చినిగిన రాగి తొడుగు. ఎముక పిండయింది గానీ దాని వెనక ఊపిరితిత్తికి ఒక గీత పడింది, అంతే. ఆ వేగానికి, అంత దగ్గర, ఎముక తగలగానే పలచటి తొడుగు పగిలిపోయి బుల్లెట్ పైపైనే పొడయిపోయింది. పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ చినిగిన తొడుగు కడిగి నా చేతిలో పెట్టాడు. ఇదిగో, ఇదే అది. పదకొండేళ్లుగా నా దగ్గరే ఉంది.

కాగితం మీద రంధ్రం ఎంత చిన్నగా పడిందన్నది ఒక ప్రశ్న. మాంసంలో, ఎముకలో బుల్లెట్ ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. రెండూ వేరు. మళ్లీ చెబుతున్నా, రెండూ వేరు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎంత ఉంటుంది? ఇందాక మీరు ఉప్మా తిన్న పేపర్ ప్లేటంత. ఎనిమిది అంగుళాలు అనుకోండి. వంద గజాలకు రెండంగుళాల్లో పడే బుల్లెట్ అయినా దానికి చాలు. అరంగుళంలో పడాలని తాపత్రయపడి లోపల పని చెయ్యని బుల్లెట్ తెచ్చుకోవడం నేను చేసిన తప్పు.

మరి లోపల పని చెయ్యడం అంటే ఏమిటి? బుల్లెట్ తగలగానే ముక్కు పుట్టగొడుగులా విచ్చుకోవాలి, ఇంచుమించు రెట్టింపు వెడల్పు కావాలి. కానీ వెనక మొదలు గట్టిగా నిలవాలి, లోతుకు పోవాలి, వీలైతే అవతలి వైపు నుంచి బయటపడాలి. అవతల రంధ్రం ఉంటేనే నెత్తురు జాడ దొరుకుతుంది. అసలు విచ్చుకోకపోతే? సూదిలా దూసుకుపోతుంది, జింక మైళ్లు పోయి చస్తుంది. అందుకే మిలిటరీ రకం పూర్తి తొడుగు బుల్లెట్లు పెన్సిల్వేనియాలో జింక మీద వాడకూడదు. మరీ తొందరగా విచ్చుకుంటే? నా కథ విన్నారు కదా.

ఈ రెండింటి మధ్య సమతూకం కోసమే వందేళ్ల నుంచి బుల్లెట్లు మారుతూ వస్తున్నాయి. పాత రకం అంటే సీసం ముద్ద, దాని మీద రాగి తొడుగు, ముక్కు దగ్గర సీసం బయటికి. సాఫ్ట్ పాయింట్ అంటారు. రెమింగ్టన్ కోర్-లోక్ట్ 1939 నుంచి అమ్ముడవుతోంది, ఈ అడవుల్లో మన తాతల వయసువాళ్లంతా దాంతోనే కొట్టారు. మామూలు దూరాలకు, మామూలు వేగాలకు ఇవాళ్టికీ మంచి బుల్లెట్టే.

ఆ తర్వాత జాన్ నోస్లర్ అని ఒకాయన. 1946లో బ్రిటిష్ కొలంబియాలో మూస్ వేటకు వెళ్లాడు. మూస్ అంటే గుర్రమంత దుప్పి. బురదలో పొర్లి ఒంటి మీద బురద గట్టిపడి ఉంది. కొట్టిన బుల్లెట్లు పైనే విచ్చుకుని ఆగిపోయాయి, లోపలికి పోలేదు. ఇంటికొచ్చి ఆలోచించి, బుల్లెట్ మధ్యలో రాగి అడ్డుగోడ ఒకటి పెట్టాడు. ముందు గదిలో సీసం విచ్చుకుంటుంది, గోడ వెనక గదిలో సీసం గట్టిగా నిలిచి లోపలికి తోస్తుంది. పార్టిషన్ అని పేరు. ఇదిగో, నిలువునా కోసి పెట్టా, ఆ గోడ చూడండి. ఆయనకు ఎదురైన కష్టం, నాకు ఎదురైన కష్టం ఒకటే. తేడా ఏమిటంటే నాకంటే ఎన్నో ఏళ్ల ముందే ఆయన దానికి మందు కనిపెట్టి పెట్టాడు, నేనే చదువుకోలేదు.

సీసాన్ని తొడుగుకు అతికించే బాండెడ్ రకాలు వచ్చాయి. ప్లాస్టిక్ ముక్కువి వచ్చాయి. వాటి గురించి ఎక్కువ చెప్పను, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ప్లాస్టిక్ ముక్కు చూసి అన్నీ ఒకటే అనుకోవద్దు, లోపలి కట్టుబడి ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. కోసిన బొమ్మ చూసి కొనండి.

నేను ఇప్పుడు వాడేది పూర్తి రాగి బుల్లెట్. బార్న్స్ కంపెనీ 1989లో ఎక్స్ బుల్లెట్ పేరుతో ఈ రకాన్ని జనంలోకి తెచ్చింది, తర్వాత మిగతా కంపెనీలూ చేశాయి. సీసం లేనే లేదు. ముక్కులో రంధ్రం, తగలగానే నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది. పోయినేడు జింకలోంచి తీసింది ఇదిగో, ఉమ్మెత్త పువ్వులా ఉంది చూశారా. తూచితే బరువు దాదాపు తగ్గనే లేదు.

ఎందుకు మారానో చెబుతా. మా పాప పుట్టింది. 2008లో నార్త్ డకోటాలో ఒక డాక్టరు, పేదలకు దానంగా ఇచ్చిన జింక మాంసం ప్యాకెట్లను స్కాన్ చేస్తే చాలావాటిలో లోహపు తునకలు కనబడ్డాయి. ఫుడ్ బ్యాంకులు ఆ మాంసం పక్కన పెట్టాయి. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అక్కడ 738 మంది రక్తం పరీక్షించింది. వేట మాంసం తినేవాళ్ల రక్తంలో సీసం మిగతావాళ్లకంటే కాస్త ఎక్కువ కనబడింది. కాస్తే. కానీ పిల్లల రక్తంలో సీసం ఇంతవరకు ఫరవాలేదు అన్న హద్దే లేదని డాక్టర్లు చెబుతారు. నేను ఆ భుజంలో రవ్వ కళ్లారా చూసినవాణ్ణి. మాంసం మర పట్టి కీమా చేస్తే ఆ రవ్వ ఎక్కడ పోతుంది? కీమా కూర పిల్లలకే కదా ముందు పెడతాం. అడవిలో వదిలేసిన పేగులు తిని గద్దలు, రాబందులు సీసంతో చస్తాయి. కాలిఫోర్నియాలో కాండోర్ రాబందులు 1982 నాటికి 22 మిగిలాయి. అక్కడ 2019 జులై 1 నుంచి వేటలో సీసం పూర్తిగా నిషేధం. మన పెన్సిల్వేనియాలో జింకకు సీసం వాడొద్దని చట్టం లేదు. వాడేవాళ్లను నేను తప్పు పట్టను. గాయం చుట్టూ ధారాళంగా కోసి పారేయండి, అది మాత్రం చెయ్యండి. జాలి పడాల్సిన చోటు కాదది.

అయితే రాగి బుల్లెట్‌కి రెండు మెలికలు ఉన్నాయి. సీసం కంటే రాగి తేలిక. అదే బరువు కావాలంటే బుల్లెట్ పొడవు కావాలి. పొడుగు బుల్లెట్ నిలకడగా ఎగరాలంటే బ్యారెల్ లోపల మెలిక తిరిగిన గాడి దాన్ని ఇంకా వేగంగా తిప్పాలి. కాబట్టి ఒక మెట్టు తేలికది తీసుకోండి. 165 వాడేవాళ్లు 150కి, 150 వాడేవాళ్లు 130కి దిగొచ్చు. ఇక రెండోది, అది విచ్చుకోవడానికి వేగం కావాలి. .308లో 150 గ్రెయిన్ల మామూలు బుల్లెట్ 300 గజాల దగ్గరికి వచ్చేసరికి సెకనుకు 2000 అడుగులకు దిగుతుంది. చాలా రాగి బుల్లెట్లు తెరుచుకునే హద్దు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. టెక్సాస్ మైదానాల్లో వేటాడేవాళ్లు ఇది లెక్క చూసుకోవాలి. మన కొండ అడవుల్లో వంద గజాలు దాటి కనబడితేనే గొప్ప, కాబట్టి మనకు బెంగ లేదు.

ఇప్పుడు చాలామంది ఎదురుచూస్తున్న సంగతి, సొంతంగా తూటా చేసుకోవడం. ఎందుకు చేసుకోవాలి? డబ్బు మిగులుతుందని వచ్చేవాళ్లకు చెబుతున్నా, మిగలదు, ఎక్కువ కాలుస్తారు. నా రైఫిల్‌కి, నా అడవికి, నా దూరానికి సరిపోయే బుల్లెట్ షాపులో తూటాగా దొరక్కపోతే చేసుకోవచ్చు. ప్రతి తూటాలో ఏముందో నాకు తెలుసు. ఆ తృప్తి కోసం చేసుకుంటా. సొంతానికి చేసుకోవచ్చు గానీ అమ్మితే లైసెన్సు కావాలి, అది గుర్తుంచుకోండి.

ఎంత పౌడర్ వెయ్యాలన్నా అని అడుగుతారు. నా నోటుబుక్కులో అంకె నేను చెప్పను. ఎవరు చెప్పినా వినొద్దు. మీ కారు టైర్లో 35 పీఎస్ఐ గాలి ఉంటుంది. .308 తూటా పేలినప్పుడు లోపల ఒత్తిడికి పెట్టిన హద్దు 62,000 పీఎస్ఐ. అది మీ చెంపకు జానెడు దూరంలో జరుగుతుంది. మీ బుల్లెట్ కంపెనీ అచ్చేసిన మాన్యువల్లో మీ బుల్లెట్‌కే ఉన్న పట్టిక తెరవండి, మొదలుపెట్టమన్న అంకె దగ్గర మొదలుపెట్టండి, కొంచెం కొంచెంగా పైకి వెళ్లండి. పేల్చాక రైఫిల్ బోల్టు ఎత్తడానికి బిగుసుకుందా, ప్రైమర్ అణిగిపోయి చదునైందా, అక్కడితో ఆగండి. సీసం బుల్లెట్ పట్టిక చూసి అదే బరువు రాగి బుల్లెట్‌కి వెయ్యొద్దు. పొడవు ఎక్కువ కాబట్టి కేసు లోపలి చోటు తినేస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. పౌడర్ల పేర్లు కూడా జాగ్రత్త. హెచ్ 4831 ఉంది, ఐఎంఆర్ 4831 ఉంది. అంకె ఒకటే, పౌడర్లు వేరు, మండే వేగం వేరు. అందుకే నా బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బాయే ఉంటుంది.

మా ఇంట్లో అందరూ పడుకున్నాక కూర్చుంటా. ఫోన్ వేరే గదిలో పెడతా. పేల్చిన ఇత్తడి కేసు ఉబ్బి ఉంటుంది, డై అనే ఉక్కు అచ్చులో నొక్కి మళ్లీ కొలతకు తెస్తాం. ముందు వేలితో సన్నగా నూనె పూయాలి. తక్కువైతే డైలో ఇరుక్కుంటుంది, ఎక్కువైతే కేసు భుజం సొట్ట పడుతుంది. ప్రతిసారీ కేసు మెడ కాస్త సాగుతుంది. .308 కేసు 2.015 అంగుళాలు దాటితే కత్తిరించాల్సిందే, లేకపోతే మెడ బ్యారెల్ మొదట్లో నొక్కుకుని బుల్లెట్‌ని పట్టేస్తుంది. ప్రైమర్ పైకి పొడుచుకొచ్చి వేలికి తగలకుండా లోపలికి దిగాలి. తర్వాత తూకం. కంసాలి త్రాసు దగ్గర ఊపిరి బిగబట్టినట్టు నేనూ బిగబడతా. పౌడర్ చిన్న చిన్న కడ్డీల్లా ఉంటుంది. గ్రెయిన్లో పదో వంతు అంటే ఆరున్నర మిల్లీగ్రాములు, ఆ కడ్డీలు ఏ నాలుగైదో ఉంటాయి. పౌడర్ని కొంచెం కొంచెంగా రాల్చే నా ట్రిక్లర్ని వేలితో తిప్పుతుంటే ఒక్కో కడ్డీ రాలి ముల్లు కదులుతుంది. యాభై కేసులు చెక్క దిమ్మెలో నిలబెట్టి, పౌడర్ పోశాక టార్చి వేసి ఒక్కోదానిలోకి చూస్తా. అన్నిటిలో మట్టం ఒకటేనా? ఒకటి ఎక్కువగా, ఒకటి ఖాళీగా ఉందా? అప్పుడే బుల్లెట్ బిగిస్తా. మధ్యలో పాప ఏడ్చిందంటే ఆ వరుస మొత్తం తిరిగి డబ్బాలో పోసేసి మళ్లీ మొదటినుంచి తూస్తా. పెద్దాయన నేర్పిన పద్ధతి అది, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆడవాళ్లలో ఎవరో ఇందాక అడిగారు, ఇంట్లో పిల్లలుంటే ఎలా అని. మంచి ప్రశ్న. పేలిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది. ఇత్తడి కేసులు శుభ్రం చెయ్యడానికి పొడిగా టంబ్లర్ అనే తిరిగే డబ్బాలో వేసి తిప్పితే ఆ దుమ్ము గదంతా లేస్తుంది. నేను నీళ్లలో వేసి కడుగుతా. ఆ బల్ల మీద తినడం, తాగడం ఉండదు. పౌడర్, ప్రైమర్లు వాటి డబ్బాల్లోనే ఉంచి తాళం వేస్తా. ఆ చొక్కాతో పాపను ఎత్తుకోను.

ఇప్పుడు ఒక్కొక్కరు వచ్చి ఈ మూడూ చేతిలోకి తీసుకుని చూడండి. నా మొదటి జింకలోని తొడుగు, కోసిన పార్టిషన్, విచ్చుకున్న రాగి. మొదటి రెండూ పట్టుకున్నవాళ్లు టీ తాగే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. సింకు ఆ తలుపు పక్కనే ఉంది.